కారు చక్రాల బ్యాలెన్సింగ్: మామూలుకు భిన్నమైన చక్రాలు

రిమ్ము, టైరు, వాల్వు కలిసి ఒక్కటిగా తిరిగేటప్పుడు వాటి బరువు ఇరుసు చుట్టూ సమానంగా ఉండాలి. అలా లేనిచోట చిన్న చిన్న బరువులు అతికించి సరిచేసే పనిని వీల్ బ్యాలెన్సింగ్ అంటారు. కొత్త టైరు వేసినప్పుడల్లా ఇది చేయించాలి. టైరు తీసి పంక్చర్ వేయించినా, వంగిన రిమ్ముకు బెండు తీయించినా మళ్లీ చేయించాలి. చక్రాలు ఏ కోణంలో నిలబడి ఉన్నాయో చూసే పని వేరు (వీల్ అలైన్‌మెంట్). వాడుకలో రెండింటినీ కలిపే అడుగుతారు కానీ ఒకటి చేస్తే రెండోది చేసినట్టు కాదు.

బ్యాలెన్సింగ్ యంత్రాలు ఎక్కువగా నాలుగైదు బోల్టులు, మధ్యలో సరైన కొలత రంధ్రం ఉన్న చక్రాల కోసం తయారైనవి. మూడు బోల్టుల చక్రం, మధ్యలో రంధ్రం లేని చక్రం, మరీ పెద్ద రంధ్రం ఉన్నది, తీగల చక్రం, రెండు ముక్కల రిమ్ము, బయట కొని వేసిన, రెండు వరుసల బోల్టు రంధ్రాలున్న (మల్టీ పీసీడీ) అల్లాయ్ వంటివి వాటి మీద నేరుగా సరిగ్గా కూర్చోవు. ఈ వ్యాసంలో వాటినే ‘భిన్నమైన చక్రాలు’ అంటున్నాం.

అసమతుల్యం: బలాల లెక్క

175/65 ఆర్14 టైరు చుట్టుకొలత సుమారు 1.83 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు పదిహేను సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకచోట 20 గ్రాముల బరువు ఎక్కువగా ఉంటే, ఆ వేగంలో అది ఇరుసును దాదాపు 32 న్యూటన్ల బలంతో బయటికి లాగుతుంది. మూడు కిలోలకు పైగా బరువు లాగినంత బలం సెకనుకు పదిహేనుసార్లు చుట్టూ దిశ మారుతూ లాగినట్టే లెక్క. ఈ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో అది నాలుగో వంతే. ఊళ్లో తిరిగినంతసేపు ఏమీ తెలియని కారు హైవే ఎక్కగానే స్టీరింగ్ కొట్టుకోవడానికి కారణం ఇదే.

చక్రం చిన్నదైతే అదే వేగానికి ఎక్కువసార్లు తిరగాలి. టాటా నానో ముందు టైరు 135/70 ఆర్12 చుట్టుకొలత సుమారు 1.55 మీటర్లే. 80 కిలోమీటర్ల వేగానికే అది సెకనుకు పద్నాలుగు చుట్లు దాటుతుంది. చిన్న కారు కదా, బ్యాలెన్సింగ్ ఎందుకు అనే మాట ఇక్కడే తప్పుతుంది.

అసమతుల్యం రెండు రకాలు. చక్రంలో ఒకవైపే బరువు ఉంటే అది స్టాటిక్. అలాంటి చక్రాన్ని సులువుగా తిరిగే ఇరుసుకు వేలాడదీస్తే బరువున్న వైపు కిందికి వచ్చి ఆగుతుంది. రిమ్ము లోపలి అంచులో పైన ఒక బరువు, బయటి అంచులో సరిగ్గా కింద అంతే బరువు ఉన్నాయనుకోండి. ఆ చక్రం వేలాడదీస్తే ఎక్కడంటే అక్కడ ఆగుతుంది, దోషం కనబడదు. తిరిగేటప్పుడు మాత్రం పక్కలకు ఊగుతుంది. ఇది డైనమిక్ అసమతుల్యం. దీన్ని పట్టుకోవాలంటే చక్రాన్ని తిప్పి లోపలి తలాన్ని, బయటి తలాన్ని వేర్వేరుగా కొలవాలి.

లక్షణాలు తెలుసుకోవడం కష్టం కాదు. ముందు చక్రాల దోషం స్టీరింగ్‌లో, వెనుక చక్రాలది సీటులో, ఫ్లోరులో తెలుస్తుంది. సాధారణంగా 80 నుంచి 110 కిలోమీటర్ల మధ్య మొదలై, వేగం ఇంకా పెరిగితే కొన్ని కార్లలో తగ్గుతుంది కూడా. టైరు మీద అక్కడక్కడా గుంతలు పడ్డట్టు అరుగుదల కనబడితే బ్యాలెన్సింగ్‌తో పాటు షాక్ అబ్సార్బర్లనూ అనుమానించాలి.

చరిత్ర

తిరిగే యంత్రభాగాల బరువు సరిచేసే పద్ధతికి కెనడాకు చెందిన హెన్రీ మార్టిన్సన్ 1870లో పేటెంటు తీసుకున్నాడు. 1907 ప్రాంతంలో జర్మన్ ఇంజినీరు ఫ్రాంజ్ లావాచెక్ మెరుగైన బ్యాలెన్సింగ్ యంత్రాన్ని రూపొందించాడు. దాని హక్కులు తీసుకున్న డార్మ్‌స్టాట్ నగరంలోని షెంక్ కంపెనీ ఈ రంగంలో ప్రసిద్ధమైంది. అప్పటి యంత్రాలు టర్బైన్లు, మోటార్ల కోసం ఉద్దేశించినవి. కారు చక్రాలకు బ్యాలెన్సింగ్ అవసరమయ్యేంత వేగం, రోడ్లు తరువాతి దశాబ్దాల్లో వచ్చాయి.

హైదరాబాద్ సంస్థానంలో 1932 జూన్‌లో 27 బస్సులతో నిజాం రోడ్డు రవాణా విభాగం మొదలైనప్పుడు రోడ్ల వేగమే తక్కువ. అప్పటి రిమ్ములకు, ట్యూబు టైర్లకు బరువు లెక్క పెద్దగా పట్టించుకోవలసిన అవసరం రాలేదు. దశాబ్దాల పాటు రోడ్ల మీద ఎక్కువగా కనబడిన అంబాసిడర్ 5.90-15 సైజు, ప్రీమియర్ పద్మిని 5.20-14 సైజు ట్యూబు టైర్లతో నడిచాయి. మిషెలిన్ 1946లో పేటెంటు తీసుకున్న రేడియల్ టైరును భారతదేశంలో మొదట జేకే టైర్ 1977లో తయారుచేసింది. తరువాత ట్యూబ్‌లెస్ వచ్చింది. 2010ల తొలి సంవత్సరాల్లో హైదరాబాద్–విజయవాడ రోడ్డు నాలుగు వరుసలైంది. ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారిగా పిలిచిన ఆ రోడ్డు ఇప్పుడు 65వ నంబరు. మీడియన్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్ల గరిష్ఠ వేగాన్ని 2018లో కేంద్రం 100 కిలోమీటర్లుగా నోటిఫై చేసింది. పది, ఇరవై గ్రాముల తేడా డ్రైవరు చేతికి తెలిసేది ఇలాంటి రోడ్డు మీదే.

మేళ్లచెరువు ప్రాంతం

హైవేకు పక్కనున్న పల్లెల్లో ఈ పని ఎలా సాగుతుందో చూడటానికి మేళ్లచెరువును ఉదాహరణగా తీసుకుందాం. ఈ ఊరు 2016 అక్టోబరు వరకు నల్గొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. సున్నపురాయి నేలల వల్ల ఇక్కడ, చుట్టుపక్కల హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు సిమెంటు పరిశ్రమ పెరిగింది. రోడ్ల మీద సిమెంటు లారీలు, బల్కర్లు, ట్రాక్టర్లు, కార్లు కలిసి నడుస్తాయి. శివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతర రోజుల్లో బయటి ఊళ్ల కార్లు మరిన్ని చేరతాయి. 65వ నంబరు జాతీయ రహదారి దగ్గర్లోని కోదాడ పట్టణం మీదుగా పోతుంది. బ్యాలెన్సింగ్ యంత్రాలు ఎక్కువగా ఇలాంటి హైవే పట్టణాల్లోని టైర్ల షాపుల్లోనే దొరుకుతాయి. ఊరి పంక్చర్ షాపు టైరు తీసి వేస్తుంది, గాలి పెడుతుంది. కొలత పట్టే పని పట్టణానికి పోతుంది.

ఈ నేలకు సంబంధించిన విషయం ఇంకొకటి ఉంది. వానాకాలంలో నల్లరేగడి దారిలో నడిచిన కారుకు రిమ్ము లోపలి గుంటలో మట్టి పట్టి ఎండుతుంది. పిడికెడు మట్టి వంద గ్రాములకు మించి తూగుతుంది. యంత్రం మీద అతికించే బరువు కన్నా ఇది చాలా ఎక్కువ. పొలం దారి నుంచి హైవే ఎక్కగానే మొదలైన వణుకు మట్టి గీకి కడిగితే పోతుంది. దీనికి డబ్బు ఖర్చే ఉండదు. సున్నపురాయి పొడి, సిమెంటు దుమ్ము తడిసి గట్టిపడితే గీకడం కాస్త కష్టం. బ్యాలెన్సింగ్‌కు ముందే ఆ పని చేయాలి. మురికి ఉన్న చక్రానికి అతికించిన బరువులు మురికి రాలిన మరుసటి రోజే తప్పవుతాయి.

యంత్రం, కోను, ఫ్లాంజ్

బ్యాలెన్సింగ్ యంత్రంలో ఒక షాఫ్టు, దాని మీద చక్రాన్ని మధ్యకు తెచ్చే కోను, బిగించే పెద్ద నట్టు ఉంటాయి. చక్రం యంత్రానికి ఎంత దూరంలో ఉంది, రిమ్ము వ్యాసం ఎంత, వెడల్పు ఎంత అనే మూడు కొలతలు ఇవ్వాలి. చక్రం తిరుగుతుండగా సెన్సార్లు బలాన్ని పట్టి, లోపల ఎన్ని గ్రాములు, బయట ఎన్ని గ్రాములు, ఎక్కడ పెట్టాలో చూపుతాయి. చాలా యంత్రాలు అయిదు గ్రాముల లోపు తేడాను సున్నాగా చూపుతాయి.

బ్యాలెన్సింగ్‌కు మూలం యంత్రం మీద చక్రం కారు మీద కూర్చున్నట్టే కూర్చోవడం. కొన్ని కార్లలో చక్రం మధ్య రంధ్రం హబ్బు మీద బిగువుగా కూర్చుని కేంద్రం పడుతుంది, నట్లు బిగించడానికే ఉంటాయి. మరికొన్నిటిలో మధ్య రంధ్రం వదులు. నట్ల వాలు ముఖాలు రంధ్రాల్లో కూర్చున్నప్పుడే చక్రానికి కేంద్రం వస్తుంది. రెండో రకాన్ని కోను మీద పెడితే యంత్రం ఒక కేంద్రాన్ని, కారు ఇంకొక కేంద్రాన్ని పట్టుకుంటాయి.

ఆ తేడా ఎంత చేస్తుందో లెక్క వేసి చూడవచ్చు. టైరుతో కలిసి 15 కిలోల చక్రం కేంద్రం నుంచి పదో వంతు మిల్లీమీటరు జరిగిందనుకుందాం. 15,000 గ్రాములను 0.1 మిల్లీమీటరుతో గుణిస్తే 1,500 గ్రాము–మిల్లీమీటర్లు. 14 అంగుళాల రిమ్ము వ్యాసార్ధం 178 మిల్లీమీటర్లతో భాగిస్తే ఎనిమిది గ్రాములకు పైగా వస్తుంది. కంటికి కనబడని జరుగుబాటు అయిదు గ్రాముల ముక్కను మించిన తప్పు తెస్తుంది. అర మిల్లీమీటరు జరిగితే నలభై గ్రాములు దాటుతుంది. యంత్రం సున్నా చూపినా కారు వణుకుతుందంటే ముందు అనుమానించవలసింది ఈ బిగింపునే.

దీనికి పరిష్కారం ఫ్లాంజ్ ప్లేటు. నట్ల రంధ్రాల్లో దిగేలా ముళ్లు అమర్చిన ఈ ప్లేటు షాఫ్టు మీద కోనుకు బదులుగా లేదా దానికి తోడుగా పనిచేస్తుంది. మూడు, నాలుగు, అయిదు, ఆరు రంధ్రాలకు ముళ్లను జరిపి బిగించగల ప్లేట్లు ఉన్నాయి. ఇవి అన్ని షాపుల్లో ఉండవు. ఉన్నచోట కూడా తీసి బిగించడానికి ఇంకాస్త సమయం పడుతుందని పక్కన పెడుతుంటారు.

రకాలు

మూడు బోల్టుల చక్రాలు. మన రోడ్ల మీద అన్నిటికన్నా ఎక్కువగా కనబడే భిన్నమైన చక్రం ఇదే. 2009లో అమ్మకానికి వచ్చి 2018లో ఉత్పత్తి ఆగిన టాటా నానోకు చక్రానికి మూడు నట్లు. 2015లో వచ్చిన రెనో క్విడ్‌కూ మూడే. విదేశాల్లో రెనో 4, సిట్రోయెన్ 2సీవీ, స్మార్ట్ కార్లకూ మూడే ఉండేవి. తేలికైన కారుకు మూడు నట్లు చాలు, బరువూ ఖర్చూ తగ్గుతాయి. షాపులో ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, నాలుగు ముళ్ల ఫ్లాంజ్ ఈ చక్రానికి పనికిరాదు. మూడు ముళ్లది, లేదా ముళ్లను జరిపే వీలున్నది కావాలి. అది లేని షాపు కోనుతోనే చేస్తుంది. మధ్య రంధ్రం దెబ్బ తినకుండా, నట్ల రంధ్రాలకు సరిగ్గా కేంద్రంలో ఉంటే ఆ పని కూడా బాగానే కుదురుతుంది. రంధ్రం తుప్పు పట్టి, అంచు దెబ్బతిన్న పాత డిస్కు అయితే కుదరదు.

నానోలో ఇంకో చిక్కు ఉంది. ఇంజిను వెనక ఉన్న ఈ కారుకు ముందు టైరు 135/70 ఆర్12, వెనక 155/65 ఆర్12. ముందూ వెనకా మార్చి వేసే మామూలు రొటేషన్ దీనికి చెల్లదు. బ్యాలెన్సు చేసిన చక్రాలు ఏవి ముందువి, ఏవి వెనుకవి అని గుర్తు పెట్టి, వాటి స్థానాల్లోనే బిగించాలి.

మూడు నట్లను బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు అనే పద్ధతి కుదరదు. ఒక్కో నట్టును కొంచెం కొంచెంగా వరుసగా మూడు నాలుగు విడతల్లో బిగించాలి. చివరి బిగువు టార్క్ రెంచితో కంపెనీ పుస్తకం చెప్పినంత ఉండాలి. చిన్న కార్లకు అది సాధారణంగా 80–110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. గాలి గన్నుతో ఒకే నట్టును చివరి దాకా బిగించి తరువాతి దానికి పోతే చక్రం ఒకవైపు లాగి కూర్చుంటుంది. అప్పుడు బ్యాలెన్సింగ్ చేసిన లాభం పోతుంది.

మధ్య రంధ్రం చిక్కు. మహీంద్రా జీపులు, మారుతి జిప్సీ వంటి వాటి రంధ్రం పెద్దది. జిప్సీకి అది 108 మిల్లీమీటర్లు. దీనికి పెద్ద కోను కావాలి. చిన్న కోనును ఎలాగో నిలబెట్టి బిగిస్తే చక్రం వాలుతుంది. 1967కు ముందరి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో అయిదు బోల్టులు 205 మిల్లీమీటర్ల వలయంలో ఉంటాయి. మధ్యలో రంధ్రం చాలా పెద్దది కాబట్టి మామూలు కోనులు సరిపోవు, ప్లేటు కావాలి. కొన్ని పాత ఫ్రెంచి కార్లకు మధ్య రంధ్రమే ఉండదు. వాటినీ నట్ల రంధ్రాల ద్వారానే పట్టుకోవాలి.

తీగల చక్రాలు. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో, వింటేజ్ కార్లలో ఉంటాయి. చాలావాటికి నట్లు ఉండవు. హబ్బు మీది గాళ్లలో కూర్చుని మధ్యలో ఒకే పెద్ద రెక్కల నట్టుతో బిగుస్తాయి. కేంద్రం పట్టేది హబ్బుకు రెండు వైపులా ఉన్న వాలు ముఖాలు. అందుకే లోపలొకటి, బయటొకటి ప్రత్యేక కాలెట్లు కావాలి. అంతకన్నా ముందు తీగలన్నీ సమంగా బిగిసి ఉన్నాయా, రిమ్ము గుండ్రంగా తిరుగుతుందా చూడాలి. వంకరగా తిరిగే చక్రాన్ని ఎంత బరువు పెట్టినా సరిచేయలేం. వీటిలో సాధారణంగా ట్యూబు తప్పనిసరి.

రెండు ముక్కల రిమ్ములు. సైనిక జీపుల్లో బోల్టులతో కలిపే రెండు ముక్కల రిమ్ములుండేవి. సిమెంటు లారీల పాత రిమ్ములకు లాక్ రింగు ఉంటుంది. ఇక్కడ బ్యాలెన్సింగ్ కన్నా ప్రాణభద్రత ముందు. గాలి పూర్తిగా దిగకుండా బోల్టు వదులు చేసినా, రింగు సరిగ్గా కూర్చోకుండా గాలి పెట్టినా ముక్క ఎగిరి ప్రాణం తీయగలదు. ఇనుప బోనులో పెట్టి గాలి పట్టాలి. లారీ ముందు చక్రాలకు బ్యాలెన్సింగ్ చేయించినంతగా వెనుక జోడు చక్రాలకు చేయించరు.

బయట కొన్న అల్లాయ్‌లు. ఒకే చక్రానికి రెండు వరుసల రంధ్రాలు తవ్వి రకరకాల కార్లకు సరిపోయేలా అమ్ముతారు. మధ్య రంధ్రాన్ని కావాలనే పెద్దదిగా ఉంచుతారు. హబ్బుకూ చక్రానికీ మధ్య ఖాళీ నింపడానికి ప్లాస్టిక్ లేదా అల్యూమినియం రింగు వేయాలి. ఆ రింగు లేకుండా బిగించిన చక్రాలతో వణుకు తరచుగా వస్తుంది. ఇలాంటి చక్రాలను ఏ రంధ్రాల వరుసతో కారుకు బిగిస్తారో, యంత్రం మీదా అదే వరుసతో పట్టుకోవాలి.

మిషెలిన్ టీఆర్‌ఎక్స్ వంటి మిల్లీమీటర్ల రిమ్ములు, ఉదాహరణకు 390 మిల్లీమీటర్లవి, ఇక్కడ దాదాపు కనబడవు. వాటికి 15 అంగుళాల టైరు ఎక్కించకూడదు.

ఇంతకూ బ్యాలెన్సింగ్ అక్కర్లేని చక్రాలూ ఉన్నాయి. ఎడ్ల టైరు బండి నడిచే వేగానికి బరువు తేడా లెక్కలోకి రాదు. హైదరాబాద్ సుధా కార్స్ మ్యూజియంలోని వింత ఆకారాల వాహనాలూ అంతే, మెల్లగా నడవడానికి చేసినవి.

పని తీరు

ముందు పాత బరువులన్నీ తీసి, వాటి కింద మిగిలిన జిగురు గీకాలి. రిమ్ము లోపలి వైపు, హబ్బు ముఖం, యంత్రం షాఫ్టు తుడవాలి. కొత్త టైరు పక్క మీద రంగు చుక్కలుంటాయి. పసుపు చుక్క టైరులో తేలికైన చోటు, దాన్ని వాల్వు దగ్గరికి తెస్తే పెట్టవలసిన బరువు తగ్గుతుంది. ఎరుపు చుక్క టైరు బలంగా తన్నే చోటు, దాన్ని రిమ్ము మీది పల్లం గుర్తుతో కలుపుతారు. టైరు అంచు రిమ్ములో రెండు వైపులా సమంగా కూర్చుందో లేదో పక్కనున్న సన్నని గీత చూసి తెలుసుకోవాలి.

యంత్రం మీద బరువులు పెట్టి సున్నా వచ్చాక చేయవలసిన పరీక్ష ఒకటుంది. చక్రాన్ని వదులు చేసి షాఫ్టు మీద అర చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పాలి. కొలత అయిదు గ్రాములకు మించి మారకపోతే బిగింపు బాగున్నట్టే. ఇరవై, ముప్పై చూపితే కోను గాని షాఫ్టు గాని కేంద్రంలో లేవు. ఆ కనబడిన అంకెలో సగం బిగింపు తప్పు. మూడు ముళ్ల ఫ్లాంజ్ మీద అర చుట్టు తిప్పడం కుదరదు, 120 డిగ్రీలు తిప్పి చూడాలి.

ఈ పరీక్షకు ఒక హద్దుంది. చక్రం మధ్య రంధ్రమే నట్ల రంధ్రాలకు కేంద్రంలో లేకపోతే కోను ఎటు తిప్పినా ఆ రంధ్రాన్నే పట్టుకుంటుంది. యంత్రం రెండుసార్లూ సున్నా చూపుతుంది, కారు మాత్రం వణుకుతుంది. అప్పుడు ఫ్లాంజ్ మీద పెట్టి కొలిస్తే గాని దోషం బయటపడదు. అప్పటికీ దొరకకపోతే టైరు గట్టిదనంలో తేడా కారణం కావచ్చు. రోలరుతో టైరును నొక్కి కొలిచే రోడ్ ఫోర్స్ యంత్రాలు 1990ల చివర నుంచి ఉన్నాయి.

బరువులు, టైరు లోపలి ద్రవం

అంచుకు తగిలించే క్లిప్పు బరువులు ఇనుప డిస్కులకు, జిగురుతో అంటించేవి అల్లాయ్‌లకు వాడతారు. సీసం విషపదార్థం కావడంతో యూరోపియన్ యూనియన్ 2005 జూలై నుంచి కార్లకు సీసం బరువులను నిషేధించింది. వాటి బదులు జింకు, ఇనుము వాడుతున్నారు. జిగురు బరువు అంటించే చోటు పొడిగా, శుభ్రంగా ఉండాలి. లేకపోతే మొదటి కడుగుడుకే ఊడుతుంది.

పంక్చర్ కాకుండా టైరులో పోసే ద్రవం బ్యాలెన్సింగ్‌కు శత్రువు. కారు ఆగినప్పుడు అది అడుగుకు చేరుతుంది, యంత్రం మీద ప్రతిసారీ వేరే అంకె చూపిస్తుంది. అలాంటి టైరును ముందుగా విప్పి లోపల తుడిచాకే కొలవాలి.

ప్రమాణాలు

భారతదేశంలో కారు టైర్లకు ఐఎస్ 15633, కారు చక్రాల సామర్థ్యానికి ఐఎస్ 9436 ప్రమాణాలున్నాయి. అల్లాయ్ చక్రాలకు వేరే ప్రమాణం ఉంది. కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ట్యూబ్‌లెస్ టైర్లు, టైరు ఒత్తిడి చూపే పరికరం, రిపేరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ అవసరం లేదని 2020లో నియమం మారింది. స్టెప్నీ ఉన్నవారు టైర్లు మార్పించే రోజున దాన్నీ యంత్రం మీద పెట్టించాలి.

భిన్నమైన చక్రాలున్నవారు కొత్త టైర్లు కొనే ముందే షాపును అడగవలసింది ఒకటే: మా చక్రానికి సరిపడే ఫ్లాంజ్ మీ దగ్గర ఉందా? లేదంటే టైర్లు ఎక్కడైనా కొనండి. బ్యాలెన్సింగ్ మాత్రం ఆ ప్లేటు ఉన్న షాపులోనే చేయించండి.